ప్లాస్మా వెలుగును దేనితో చదవాలి: అనంతపురంలో ఇద్దరు విద్యార్థులకు చెప్పిన సలహా

పోయిన నెల ఇద్దరు విద్యార్థులు ఒకే ప్రశ్నతో నా దగ్గరికి వచ్చారు. ఒకమ్మాయిది తాడిపత్రి. కాలేజీ ల్యాబ్‌లో చిన్న ఆర్ఎఫ్ ప్లాస్మా సోర్స్ తయారు చేసుకుంటోంది, అంటే రేడియో తరంగాల శక్తితో వాయువును అయాన్లు, ఎలక్ట్రాన్లుగా విడగొట్టి వెలిగించే పరికరం. ఒక గాజు గొట్టం, చుట్టూ రాగి కాయిల్, ఆర్గాన్ సిలిండర్, ఒక రోటరీ పంపు, అంతే. ఇంకో అబ్బాయిది డోన్. గాంధీనగర్‌లోని ఇన్‌స్టిట్యూట్ ఫర్ ప్లాస్మా రీసెర్చ్‌లో పీహెచ్‌డీ చేయాలని, అక్కడ నెగటివ్ అయాన్ (అదనంగా ఒక ఎలక్ట్రాన్ అంటుకున్న పరమాణువు) సోర్స్‌ల మీద పనిచేయాలని ఆశ. "సార్, ప్లాస్మాను వెలుగుతో కొలవాలంటే ఏ పద్ధతి మంచిది?" అన్నారు ఇద్దరూ. ఇద్దరికీ ఒకే జవాబు సరిపోదు. ఆ సాయంత్రం వాళ్లకు చెప్పింది కొంచెం వివరంగా రాస్తున్నాను. కర్నూలు, కడప వైపు ఇలాంటి ఆలోచనలో ఉన్నవాళ్లకు కూడా పనికొస్తుంది.

ఫ్యూజన్ (తేలిక పరమాణు కేంద్రకాలు కలిసి శక్తినివ్వడం) అనగానే టోకమాక్, అంటే వేడి ప్లాస్మాను అయస్కాంతాలతో పట్టి ఉంచే యంత్రం, గుర్తొస్తుంది. కానీ టోకమాక్‌ను వేడెక్కించే కిరణాలు పుట్టేది పక్కనుండే ఒక ప్లాస్మా పెట్టెలో. ఫ్రాన్స్‌లో కడుతున్న ఐటర్ అనే పెద్ద టోకమాక్‌కు ఒక్కో హీటింగ్ బీమ్ 10 లక్షల ఎలక్ట్రాన్‌వోల్టుల శక్తితో, 40 ఆంపియర్ల డ్యూటీరియం (బరువైన హైడ్రోజన్) నెగటివ్ అయాన్లతో, గంటసేపు నడవాలి. అయస్కాంత క్షేత్రాన్ని దాటి లోపలికి వెళ్లాలంటే ఆ అయాన్లు తటస్థంగా మారాలి. అంత శక్తి దగ్గర పాజిటివ్ అయాన్లు తటస్థంగా మారడం దాదాపు ఉండదు. నెగటివ్ అయాన్‌కు అంటుకున్న అదనపు ఎలక్ట్రాన్‌ను ఊడగొట్టడం మాత్రం తేలిక. అందుకే కష్టమైనా ఆ దారిలోనే వెళ్తున్నారు. ఐటర్‌కు డయాగ్నస్టిక్ న్యూట్రల్ బీమ్ (కొలతల కోసం పంపే తటస్థ కిరణం) ఇచ్చే బాధ్యత మన దేశానిది: 100 కిలో ఎలక్ట్రాన్‌వోల్టులు, 60 ఆంపియర్ల హైడ్రోజన్ నెగటివ్ అయాన్లు. గాంధీనగర్‌లో ఉన్న రాబిన్ సోర్స్ ఆ విద్య చేతికి రావడానికి కట్టుకున్నదే. ఇటలీలోని పడువాలో ఐటర్ సోర్స్ అసలు పరిమాణంలోనే కట్టిన స్పైడర్ 2018లో పని మొదలుపెట్టింది.

ఈ పెట్టెల్లో ఒత్తిడి 0.3 పాస్కల్. ఒక్కో డ్రైవర్ (ఆర్ఎఫ్ కాయిల్ చుట్టిన గది) లోకి దాదాపు 1 మెగాహెర్ట్జ్ దగ్గర 100 కిలోవాట్ల వరకు ఆర్ఎఫ్ శక్తి పోతుంది. లోపల లాంగ్‌మ్యూర్ ప్రోబ్ (ప్లాస్మాలోకి దూర్చి కొలిచే సన్నని లోహపు తీగ) పెట్టొచ్చు, పెడతారు కూడా. కానీ ఆర్ఎఫ్ దాని సిగ్నల్‌ను చెరుపుతుంది, ప్రోబ్ తానే ప్లాస్మాను కదిలిస్తుంది. వెలుగుకు ఆ బాధ లేదు. కిటికీ అద్దం గుండా బయటికొచ్చిన వెలుగును ఫైబర్‌లో పెట్టి ఇరవై మీటర్ల దూరం తీసుకెళ్లినా ఆర్ఎఫ్ దాన్ని తాకదు.

ఏ పద్ధతిని చూసినా నేను ముందు అడిగేది ఒక్కటే: ఇది ఏ రేణువును చూస్తుంది, దేన్ని చూడలేదు? కంపెనీ కేటలాగ్ మొదటి సగమే చెబుతుంది. రెండో సగం మనం తెలుసుకోవాలి.

ప్లాస్మా తనంతట తానిచ్చే వెలుగు

అన్నిటికన్నా చవక, అన్నిటికన్నా ఎక్కువగా వాడేది ఆప్టికల్ ఎమిషన్ స్పెక్ట్రోస్కోపీ. ఒక లెన్స్, ఒక ఫైబర్, వెలుగును రంగులుగా విడదీసే ఒక స్పెక్ట్రోమీటర్. హైడ్రోజన్ ప్లాస్మాలో 656.3 నానోమీటర్ల దగ్గర ఎర్రటి హెచ్-ఆల్ఫా, 486.1 దగ్గర హెచ్-బీటా, 434 దగ్గర హెచ్-గామా గీతలు కనిపిస్తాయి. 590 నుంచి 640 వరకు పరుచుకున్న చిన్న చిన్న గీతలు హైడ్రోజన్ అణువువి, ఫుల్చర్ బ్యాండ్ అంటారు. సీజియం (నెగటివ్ అయాన్ సోర్స్‌లలో ఆవిరిగా పంపే లోహం) ఉంటే 852.1 దగ్గర ఒక గీత లేస్తుంది.

ఈ విద్యకు మన తెలుగు నేలతో పాత చుట్టరికం ఉంది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం రోజు ఫ్రెంచ్ శాస్త్రవేత్త పియేర్ జాన్సెన్ గుంటూరులో స్పెక్ట్రోస్కోప్ పెట్టుకుని సూర్యుడి అంచున లేచే జ్వాలల వెలుగును చూశాడు. అందులో ప్రకాశమైన గీతలు కనిపించాయి, అంటే అది వేడికి వెలిగే వాయువు. గ్రహణం లేని రోజు కూడా వాటిని చూడొచ్చని మర్నాడే తేల్చాడు. చేయి పెట్టలేని చోట ఏముందో వెలుగు చెబుతుందన్న నమ్మకం మనం చేసే పనికి కూడా పునాది.

అయితే ఈ పద్ధతి చూసేది ఉత్తేజితమైన పరమాణువులను మాత్రమే. పైకి లేచి, కిందికి దిగుతూ ఫోటాన్ ఇచ్చినవాటినే లెక్కపెడుతుంది. నేల స్థాయిలో, అంటే అతి తక్కువ శక్తి స్థితిలో, ఊరికే ఉన్నవాటిని అది చూడదు. కాబట్టి గీత ప్రకాశం పెరిగితే పరమాణువులు పెరిగాయా, ఎలక్ట్రాన్లు పెరిగాయా, ఎలక్ట్రాన్ల వేడి పెరిగిందా అన్నది ఆ ఒక్క గీత నుంచి తేలదు. అందుకే రెండు గీతల నిష్పత్తి తీసుకుంటారు. ఆర్గాన్‌లో 750.4 గీత ఎక్కువగా నేల స్థాయి నుంచి నేరుగా ఎలక్ట్రాన్ ఢీకొనడం వల్ల వస్తుంది. 811.5 గీతకు మెటాస్టేబుల్ (పైస్థాయిలో చాలాసేపు చిక్కుకుపోయిన) పరమాణువుల నుంచి పెద్ద వాటా కలుస్తుంది. ఈ తేడా తెలియకుండా రెండిటినీ భాగించి "ఎలక్ట్రాన్ ఉష్ణోగ్రత ఇంత" అని రాసేస్తే లెక్క తప్పుతుంది. పుస్తకంలోని సూటి బోల్ట్జ్‌మన్ గ్రాఫ్ (గీతల ప్రకాశాన్ని వాటి స్థాయిల శక్తితో పోల్చేది) గీసి వచ్చిన ఉష్ణోగ్రతను ఎలక్ట్రాన్ ఉష్ణోగ్రత అనడం ఇంకా పెద్ద తప్పు. ఇంత తక్కువ ఒత్తిడిలో పరమాణు స్థాయిలు సమతుల్యంలో ఉండవు. ఢీకొనడాలనూ వెలుగు విడుదలనూ స్థాయివారీగా లెక్కించే కొలిజనల్-రేడియేటివ్ మోడల్ వాడాలి. హైడ్రోజన్, హీలియంలకు యాకోరా ఆన్ ద వెబ్ అనే సాధనం ఇంటర్నెట్‌లో ఉంది, జర్మనీలోని గార్చింగ్ బృందం చేసింది. విద్యార్థులు దాన్ని నేర్చుకుంటే సగం పని అయినట్టే.

ఇంకో పరిమితి చూపు గీత. చేనిగట్టు మీద నిలబడి బుడ్డల చేను చూస్తే ఈ చివర నుంచి ఆ చివరి దాకా పచ్చదనం మొత్తం కలిసి ఒకటిగా కనిపిస్తుంది. నడిమధ్యలో ఎండిన చోటు ఎక్కడుందో తెలియదు. ఎమిషన్ కొలత కూడా అంతే, ఫైబర్ చూసే దారిలోని వెలుగంతా ఒక్క సంఖ్య అవుతుంది. నాలుగు గట్ల మీద నుంచి చూసినట్టు చాలా చూపు గీతలు పెట్టి టోమోగ్రఫీ చేస్తే లోపలి ఆకారం తెలుస్తుంది. చిన్న గొట్టానికైతే అంత అవసరం లేదు.

హెచ్-బీటా గీత వెడల్పు నుంచి ఎలక్ట్రాన్ సాంద్రత వస్తుందని చదివి చాలామంది ఉత్సాహపడతారు. ఘనమీటరుకు 10²² స్థాయి ఆర్క్ ప్లాస్మాలో అది చక్కగా పనిచేస్తుంది. మన సోర్స్‌లలో సాంద్రత 10¹⁷, 10¹⁸. అక్కడ స్టార్క్ వెడల్పు (చుట్టూ ఉన్న ఎలక్ట్రాన్లు, అయాన్ల విద్యుత్ క్షేత్రం వల్ల గీత వెడల్పవడం) నానోమీటరులో ఒకటి రెండు వెయ్యో వంతులు, ఒక్కోసారి అంతకన్నా తక్కువే ఉంటుంది. పరమాణువుల వేగం వల్ల వచ్చే డాప్లర్ వెడల్పే దానికి అనేక రెట్లు. ఇక ఒక నానోమీటరు రిజల్యూషన్ ఉన్న చేతి స్పెక్ట్రోమీటర్‌తో ఆ మాట ఎత్తకపోవడమే మంచిది. హెచ్-ఆల్ఫా దగ్గర హైడ్రోజన్, డ్యూటీరియం గీతల మధ్య దూరం 0.18 నానోమీటర్లు. దాంతో అది కూడా విడిపోదు.

ఇక కాలిబ్రేషన్. నా సలహాలో దీన్ని మాత్రం దయచేసి పక్కన పెట్టకండి. పరిశోధక విద్యార్థిగా ఉన్న రోజుల్లో ఒక ల్యాబ్‌లో మూడు వారాలు రోజూ హెచ్-ఆల్ఫా కొలిచాను. రోజురోజుకూ తగ్గుతూ వచ్చింది. ప్లాస్మా బలహీనపడుతోందని గ్రాఫ్ గీసి, కారణం కూడా రాసుకున్నాను. కిటికీ అద్దం విప్పి చూస్తే లోపలి వైపు పలుచని గోధుమరంగు పూత. ప్లాస్మాకు ఏమీ కాలేదు, అద్దం మసకబారింది. పైగా ఆ పూత నీలం వెలుగును ఎక్కువగా, ఎరుపును తక్కువగా మింగింది. అందుకే నేను నమ్ముకున్న నిష్పత్తులు కూడా తప్పాయి. మూడు వారాల పని పోయింది. అప్పటి నుంచి కిటికీ ముందు షట్టర్ లేకుండా, వారానికోసారి అదే అద్దం గుండా హాలోజన్ దీపాన్ని కొలవకుండా నేను ఏ సంఖ్యనూ రాయలేదు.

నిరపేక్ష ప్రకాశం కావాలంటే ధ్రువీకరించిన ఇంటిగ్రేటింగ్ స్పియర్ (అంతటా సమానంగా, తెలిసినంత వెలుగునిచ్చే గోళం) కావాలి, దాని ఖరీదు స్పెక్ట్రోమీటర్‌తో పోటీ పడుతుంది. తరంగదైర్ఘ్యం సరిచూసుకోవడానికి మాత్రం డబ్బు అక్కర్లేదు. పాత ట్యూబ్‌లైట్ గానీ సీఎఫ్ఎల్ గానీ చాలు, అందులోని పాదరసం 435.8, 546.1 దగ్గర గీతలిస్తుంది. ఎల్ఈడీ బల్బు మాత్రం పనికిరాదు.

లేజర్ పంపి ఎంత తగ్గిందో చూడటం

ఉత్తేజితం కాని పరమాణువులు కావాలంటే దారి మార్చాలి. బయటి నుంచి లేజర్ పంపి, ప్లాస్మా దాటాక ఎంత మిగిలిందో చూడాలి. డయోడ్ లేజర్ అబ్సార్ప్షన్ అంటే ఇదే. మా ఊళ్లో దుమ్ము లేచిన రోజు సప్తగిరి సర్కిల్ దగ్గర ఎదురుగా వచ్చే బండి లైటు ఎంత మసకగా కనిపిస్తే గాలిలో అంత దుమ్ము ఉన్నట్టు. దుమ్ము తనంతట తాను వెలగక్కర్లేదు.

నెగటివ్ అయాన్ సోర్స్‌లో దీని విలువ సీజియం దగ్గర తెలుస్తుంది. ప్లాస్మా గ్రిడ్ (అయాన్లు బయటికొచ్చే రంధ్రాల పలక) మీద సీజియం పొర ఉంటే లోహం నుంచి ఎలక్ట్రాన్‌ను లాగడానికి కావాల్సిన శక్తి దాదాపు సగానికి తగ్గి 2 ఎలక్ట్రాన్‌వోల్టుల చుట్టుపక్కలకు వస్తుంది. ఆ తలం మీదే నెగటివ్ అయాన్లు పుడతాయి. సీజియం తక్కువైతే ఎలక్ట్రాన్లు ఎక్కువగా బయటికొచ్చి తర్వాతి గ్రిడ్‌ను వేడెక్కిస్తాయి. ఎక్కువైతే చేరకూడని చోట చేరుతుంది. కాబట్టి పెట్టె లోపల ఎంత సీజియం ఆవిరి ఉందో నిత్యం తెలియాలి. ఎమిషన్ ప్లాస్మా వెలుగుతున్నప్పుడు మాత్రమే చెబుతుంది. ప్లాస్మా ఆగి, ఓవెన్ నుంచి సీజియం వస్తున్న విరామంలో ఎమిషన్ గుడ్డిది. లేజర్ రెండు సమయాల్లోనూ చూస్తుంది.

లేజర్‌ను 852.1 నానోమీటర్ల చుట్టూ కొంచెం అటూ ఇటూ జరిపితే ఒకటి కాదు, రెండు లోయలు కనిపిస్తాయి. వాటి మధ్య దూరం 9.19 గిగాహెర్ట్జ్. 1967 నుంచి సెకండును నిర్వచిస్తున్నది సీజియంలోని ఈ తేడానే. స్కేల్ సరిచూసుకోవడానికి ప్రకృతి ఇచ్చిన కొలబద్ద అది. అందుకే ఈ పద్ధతికి బయటి దీపంతో కాలిబ్రేషన్ అవసరం ఉండదు. ఎంత వెలుగు పోయిందో నిష్పత్తి తీసుకుంటాం కాబట్టి అద్దం మసకబారినా లెక్క చాలావరకు నిలబడుతుంది. నేను ఈ పద్ధతి వైపు మొగ్గడానికి పెద్ద కారణం ఇదే.

జాగ్రత్తలు రెండు. లేజర్ శక్తి ఎక్కువైతే పరమాణువులను నేల స్థాయి నుంచి ఖాళీ చేసి, ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తుంది, కాబట్టి వెలుగును బాగా తగ్గించి వాడాలి. రెండోది, సీజియం పరమాణువు 3.9 ఎలక్ట్రాన్‌వోల్టులకే అయాన్ అయిపోతుంది. ప్లాస్మా వెలిగాక పెద్ద భాగం అయాన్ల రూపంలోకి పోతుంది, ఈ లేజర్ వాటిని చూడదు. ప్లాస్మా వెలగగానే సిగ్నల్ పడిపోతే సీజియం మాయమైందని అనుకోవద్దు.

ఆర్గాన్ సోర్స్‌లో ఇదే పద్ధతిని 811.5 దగ్గర వాడితే మెటాస్టేబుల్ పరమాణువుల సంఖ్య వస్తుంది. పైన చెప్పిన నిష్పత్తిలో తేలనిది దాదాపు అదే కదా. రెండు పద్ధతులూ ఒకదాని లోటు ఒకటి తీర్చుకుంటాయి.

నెగటివ్ అయాన్లనే లెక్కపెట్టాలంటే

హైడ్రోజన్ నెగటివ్ అయాన్‌కు తనదైన గీత లేదు. ఎమిషన్‌తో నేరుగా దొరకదు. కానీ ఆ అదనపు ఎలక్ట్రాన్‌ను పట్టుకున్న బలం 0.754 ఎలక్ట్రాన్‌వోల్టులే. 1064 నానోమీటర్ల లేజర్ ఫోటాన్‌కు 1.17 ఉంటుంది, తగిలితే ఊడుతుంది, ఆ ఫోటాన్ ఖర్చయిపోతుంది. మరి ఎన్ని ఖర్చవుతాయి? ఘనమీటరుకు 10¹⁷ అయాన్లు, 20 సెంటీమీటర్ల ప్లాస్మా అనుకుంటే లక్ష ఫోటాన్లలో సుమారు 7. లేజర్ పల్స్ శక్తే ఒకసారికి ఇంకోసారికి నూటికి ఒకటి మారుతుంది. మామూలు అబ్సార్ప్షన్‌తో ఇది కొలవడం అసాధ్యం.

కావిటీ రింగ్-డౌన్ చేసే పని ఇక్కడ నిజంగా అందమైనది. ప్లాస్మాకు అటూ ఇటూ 99.99 శాతం ప్రతిబింబించే రెండు అద్దాలు పెడతారు. లోపలికి చొరబడిన కొద్దిపాటి వెలుగు వేల సార్లు అటూ ఇటూ తిరుగుతూ మెల్లగా చనిపోతుంది. అద్దాల మధ్య ఒక మీటరు ఉంటే, ప్లాస్మా లేనప్పుడు ఆ ఆరిపోయే కాలం దాదాపు 33 మైక్రోసెకండ్లు. పైన చెప్పిన అయాన్లు ఉంటే దాదాపు 20కి పడిపోతుంది. ఇప్పుడు మనం కొలుస్తున్నది వెలుగు ఎంత అని కాదు, ఎంతసేపు అని. లేజర్ ఊగిసలాడినా లెక్క మారదు. లక్షలో ఏడు అన్న కనిపించని తేడా 33కు 20కి మధ్య కళ్లకు కట్టే తేడా అయింది.

కష్టం అంతా అద్దాల దగ్గరే. వాటి మీద దుమ్ము పడినా, సీజియం చేరినా, పంపు కంపనం వల్ల అలైన్‌మెంట్ పోయినా కాలం తగ్గుతుంది, దాన్ని అయాన్లనుకునే ప్రమాదం ఉంది. అందుకే ప్రతి ప్లాస్మా పల్స్‌కు ముందు ఖాళీ కాలాన్ని కొలుస్తారు. ఇది కూడా చూపు గీత సగటే. 1064 కంటికి కనిపించని వెలుగు, సరైన కళ్లజోడు లేకుండా ఆ గదిలోకి అడుగు పెట్టకూడదు. డోన్ అబ్బాయికి ఇది మూడుసార్లు చెప్పాను.

థామ్సన్ స్కాటరింగ్, మిగిలినవి

ఎలక్ట్రాన్ ఉష్ణోగ్రతకు, సాంద్రతకు అందరూ తలవంచే పద్ధతి థామ్సన్ స్కాటరింగ్, అంటే లేజర్ పంపి ఎలక్ట్రాన్లు చెదరగొట్టిన వెలుగును చూడటం. మోడల్ మీద పెద్దగా ఆధారపడదు, పైగా ఒక బిందువు దగ్గర కొలుస్తుంది. 1969లో బ్రిటన్‌లోని కల్హమ్ బృందం తమ లేజర్ సామగ్రిని మాస్కో కుర్చతోవ్ ఇన్‌స్టిట్యూట్‌కు తీసుకెళ్లి, టీ-3 టోకమాక్‌లో ఉష్ణోగ్రత ఒక కిలో ఎలక్ట్రాన్‌వోల్టు స్థాయిలో ఉందని నిర్ధారించింది. ఆ తర్వాతే ప్రపంచమంతా టోకమాక్‌ల వైపు తిరిగింది.

కానీ సోర్స్ ప్లాస్మాలో లెక్క చూడండి. ఒక జూల్ ఆకుపచ్చ లేజర్ పల్స్‌లో దాదాపు 2.7×10¹⁸ ఫోటాన్లుంటాయి. సాంద్రత 10¹⁸ ఉన్న ప్లాస్మాలో ఒక సెంటీమీటరు పొడవు నుంచి అన్ని దిక్కులకూ చెదిరేవి 20 లక్షల లోపే. మన లెన్స్‌లోకి వచ్చేవి వెయ్యి పైచిలుకు, డిటెక్టర్ చివరికి పట్టుకునేవి కొన్ని వందలు. వాటి పక్కనే గోడల నుంచి, కిటికీ నుంచి చెదిరిన లేజర్ వెలుగు కోట్లలో. పెద్ద బృందం, ఏళ్ల అనుభవం ఉంటే చేయొచ్చు. కాలేజీ ల్యాబ్‌లో ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు దీన్ని ఎంచుకోవద్దని నా గట్టి మాట. ఖర్చు కోట్లలోకి పోతుంది.

లేజర్‌తో రేణువులను పైకి లేపి అవి తిరిగిచ్చే వెలుగును చూసే లేజర్ ఇండ్యూస్డ్ ఫ్లోరసెన్స్ కూడా స్థానికంగా కొలుస్తుంది, ఆర్గాన్ అయాన్ల వేగాలకు దానికి సాటి లేదు. హైడ్రోజన్ పరమాణువులకు 205 నానోమీటర్ల దగ్గర రెండు ఫోటాన్లతో చేయాలి, అది వేరే స్థాయి శ్రమ. ప్లాస్మా గుండా వెళ్లిన తరంగం దశ ఎంత మారిందో చూసే ఇంటర్‌ఫెరోమెట్రీలో ఆ దశ మార్పు తరంగదైర్ఘ్యంతో పాటు పెరుగుతుంది. ఇంత పలుచని ప్లాస్మాకు కంటికి కనిపించే లేజర్ కన్నా మైక్రోవేవ్ నయం.

మన ఎండలో, మన కరెంటులో

అనంతపురానికి ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల వాన పడుతుంది. గాలి పొడి, అది మనకు మేలే, అద్దాల మీద తేమ చేరదు. కానీ దుమ్ము ఉంది, మే నెలలో 40 డిగ్రీలు దాటే ఎండ ఉంది. స్పెక్ట్రోమీటర్‌లోని చల్లబరచని సీసీడీ సెన్సర్‌లో డార్క్ కరెంట్ (వెలుగు లేకున్నా వచ్చే సిగ్నల్) ప్రతి 6, 7 డిగ్రీలకు దాదాపు రెట్టింపవుతుంది. పొద్దున పదింటికి తీసిన డార్క్ స్పెక్ట్రమ్‌ను మధ్యాహ్నం మూడింటి కొలతలోంచి తీసేస్తే బలహీన గీతల దగ్గర అంతా తప్పే. ప్రతి కొలతకూ ముందు కొత్తగా తీయండి. వోల్టేజ్ ఊగితే ఆర్ఎఫ్ శక్తి ఊగుతుంది, గీతలూ ఊగుతాయి. పంపిన శక్తి, తిరిగొచ్చిన శక్తి రెండూ ప్రతి స్పెక్ట్రమ్ పక్కన రాసుకోవాలి. డయోడ్ లేజర్ కంట్రోలర్‌కు యూపీఎస్ తప్పనిసరి, కరెంటు ఠపీమని పోతే డయోడ్‌కే ముప్పు.

తాడిపత్రి అమ్మాయికి నేను చెప్పింది ఇది. ఖరీదైన స్పెక్ట్రోమీటర్ కోసం చూడొద్దు. 350 నుంచి 900 నానోమీటర్ల దాకా చూడగల ఫైబర్ స్పెక్ట్రోమీటర్, దాని తర్వాత వెంటనే కాలిబ్రేట్ చేసిన హాలోజన్ దీపం, ఈ రెండూ కలిపి ఒకే వస్తువనుకుని బడ్జెట్ రాయి. దీపానికి డబ్బు చాలకపోతే స్పెక్ట్రోమీటర్‌లో ఒక మెట్టు దిగు, దీపాన్ని మాత్రం వదలొద్దు. 750 నానోమీటర్ల ఫిల్టర్ పెట్టిన ఫోటోడయోడ్ ఒకటి ఓసిలోస్కోప్‌కు కలుపు. స్పెక్ట్రోమీటర్ నెమ్మదిగా చూసేదాన్ని అది మైక్రోసెకండ్లలో చూపిస్తుంది, ప్లాస్మా మోడ్ (వెలిగే తీరు) మారే క్షణం దానిలోనే కనిపిస్తుంది. ఒక లాంగ్‌మ్యూర్ ప్రోబ్ నువ్వే చేసుకో, వెలుగు లెక్కను సరిచూసుకోవడానికి. రెండో ఏడాది నిధులొస్తే 811.5 డయోడ్ లేజర్. ఆ అమ్మాయి నోట్‌బుక్‌లో మొదటి పేజీలో "అద్దం" అని రాసుకుని కింద రెండు గీతలు గీసింది.

డోన్ అబ్బాయి సంగతి వేరు. పెద్ద ల్యాబ్‌లో పరికరాలు ఉంటాయి, కొనే టెన్షన్ లేదు. తన కాలాన్ని దేనికివ్వాలన్నదే తన ఎంపిక. సీజియం అబ్సార్ప్షన్, కావిటీ రింగ్-డౌన్ రెండిటిలో ఒకటి ఎంచుకోమంటే నేను మొదటిది తీసుకోమన్నాను. ఏడాదిలోపే నమ్మదగిన ఫలితాలు వస్తాయి, సోర్స్ నడిపేవాళ్లు రోజూ అడిగే సంఖ్య కూడా అదే. రింగ్-డౌన్ అందం నాకెంతో ఇష్టం, కానీ అలైన్‌మెంట్ చేతికి రావడానికే ఒక ఏడాది పోతుంది. చేయి తిరిగిన సీనియర్ పక్కన ఉంటేనే దాన్ని మొదలుపెట్టాలి. ఈలోగా ఆ ఇన్‌స్టిట్యూట్ ఎమ్మెస్సీ విద్యార్థులకు నడిపే సమ్మర్ స్కూల్‌కు దరఖాస్తు పెట్టమన్నాను. అక్కడికి వెళ్లేలోపు ఇక్కడే ఒక పని చేయొచ్చని, తాడిపత్రి అమ్మాయి గొట్టం వెలిగించిన రోజు వెళ్లి పక్కన కూర్చోమన్నాను. వచ్చే శనివారం ఆమె మొదటిసారి ఆర్గాన్ వదులుతోంది. పాత ట్యూబ్‌లైట్ ఒకటి తెస్తానని ఆ అబ్బాయి మాటిచ్చాడు.